ఆరున్నొక్కటి

మా మిరపచేలో ఇంటిని నెల్లాళ్ళు సినిమావాళ్ళకు అద్దెకిచ్చాం.
ప్రత్తిపాడు దాటాక, కాలవ కట్ట దిగి, ఎడంపక్క.
రోజుకు పన్నెండు వేలు, కరెంటు వాళ్ళదే.

సున్నం కొట్టిన గోడలకు మసి పూశారు.
సాలెగూళ్ళు హైదరాబాదు నుంచి డబ్బాల్లో వచ్చాయి,
మా ఇంట్లోవి చాలలేదట.
దయ్యం వేషం వేసే బొంబాయి పిల్ల
గొడ్లసావిట్లో కూర్చుని మజ్జిగ తాగింది.
కళ్ళలోంచి తెల్లబిళ్ళలు తీసి అరచేతిలో పెట్టుకుని
వచ్చీరాని తెలుగులో
"ఇక్కడ నిజంగా ఎవరన్నా ఉన్నారా ఆంటీ?" అంది.
అమ్మ గ్లాసు కడగడానికి లోపలికెళ్ళింది.

చివరిరోజు, శబ్దం పట్టే కుర్రాడు
ఉడుత తోకలాంటి మైకు పట్టుకుని
పురుగుమందు డబ్బాల గదిలో నిలబడ్డాడు.
"ఒక్క నిమిషం ఎవరూ కదలొద్దు.
ఖాళీ గది చప్పుడు కావాలి నాకు."
నిలబడ్డాం.
చెవులకున్నది తీసి నాన్న వంక చూశాడు.
ఏమీ అనలేదు. వైర్లు చుట్టుకున్నాడు.

గుంటూరులో రెండో ఆట.
పదకొండుమందిమి ఒకటే వరస.
తెరమీద మా వంటింటి తలుపు కిర్రుమంటే హాలంతా కేక.
"మన తలుపేరా!" అని అన్న సమోసాలు పంచుతున్నాడు.
బొంబాయి పిల్ల మా దూలానికి తలకిందులుగా వేలాడింది.
"గజ్జెలెంతకు కొన్నావమ్మా?" అన్నాడు వెనకనుంచొకడు.
అందరూ నవ్వారు. మేమూ నవ్వాం.

తరవాత హీరో ఆ గది తలుపు తోశాడు.
సంగీతం ఆగింది.
ఆ నిశ్శబ్దం అడుగున
టిక్కీ ఈడ్చినట్టు ఒక దగ్గు.

"లాభం...
రెండు...
మూడు..."

సుంకమ్మ.
కోసిగి నుంచి లారీలో వచ్చేది, కోతలకు, మూడేళ్ళు వరసగా.
చేతులు మండితే
అమ్మనడిగి పులిసిన మజ్జిగలో ముంచుకునేది.
చదువు రాదు, లెక్క మాత్రం పోదు.
కాటా దగ్గర తన గంపలు తనే పైకి లెక్కపెట్టేది.
ఆ సాయంత్రం నాన్న పుస్తకంలో ఆరు.
ఆమె నోట్లో ఇంకొకటి ఎక్కువ.

రాత్రి మబ్బేసింది. పట్టాలన్నీ కాయల మీద కప్పాం.
మనుషులకు మిగల్లేదు.
ఆమె ఆ గదిలోకెళ్ళి తలుపేసుకుంది.
డబ్బా మూత ఊడిందన్నారు.
తాగిందని ఎవరూ అనలేదు,
తాగలేదనీ అనలేదు.
మేస్త్రీకి ఎనిమిది వేలు.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ట్రాక్టరు కుదుపుకి
పట్టా అంచు కింద ఎర్రటి వేళ్ళు.

"నాలుగు...
ఐదు...
ఆరు..."

ఆరు తరవాతి అంకె మా కల్లంలో ఎవరూ పలకరు.
ఆరున్నొక్కటి అంటారు.
ఆ మాటలో ఏడుపుందని, పంట దగ్గర అనకూడదని
నానమ్మ చెంప మీద కొట్టి నేర్పింది.
సుంకమ్మకూ తెలుసు. ఎప్పుడూ తప్పలేదు.

తెరమీద దీపం ఆరింది.

"ఏడు."

అంకె చెప్పిందో,
నాన్నకే చెప్పిందో.

వెనక కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.
అన్న నోట్లో సమోసా అట్లాగే ఉంది.
నాన్న చెయ్యి నా ముంజేతి మీద పడింది,
పడ్డచోటల్లా కారం రాసినట్టు మంట.
తన్వి మాత్రం కుర్చీలోంచి లేచి
"తాతా, దయ్యం ఇంకా రాలేదేంటి?" అంది.

చివర పేర్లు పడ్డాయి.
లైట్లు మోసినవాళ్ళు, టీ అందించినవాళ్ళు, డ్రైవర్లు.
అందరికన్నా కింద, కృతజ్ఞతలు:
కొల్లా పాలకాలరావు గారికి.
పానకాలరావు అని రాయాలి. ఎవరమూ నవ్వలేదు.

బయట రెండు కార్లకి స్టాండు డెబ్బై రూపాయలు.
నాన్న పర్సులోంచి పదినోట్లు తీసి
కుర్రాడి చేతిలో ఒక్కొక్కటే పెడుతున్నాడు.
లాభం. రెండు. మూడు.
నాలుగు. ఐదు.
ఆరు.

ట్యూబులైటు కింద ఆ నోటు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇంకొకటండీ," అన్నాడు కుర్రాడు.